కోట ముందు పెళ్లి, కోటు జేబుకి చిల్లు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం ఒకే ఊరి మీద ఉన్నాయి, ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ పార్కులున్న ఊరు. ఓర్లాండో. పిల్లలు డిస్నీ వరల్డ్‌లో పెళ్లి అంటున్నారు, పెద్దవాళ్లు తల పట్టుకుంటున్నారు, పిలుపులు అందుకున్న చుట్టాలేమో టికెట్లు ఎవరు కొంటారని నన్ను అడుగుతున్నారు. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశా.

ప్రశ్న: నమస్తే మేడమ్. మేము డాలస్‌లో ఉంటాం. మా పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది, అబ్బాయి వాళ్లది అట్లాంటా. ఇద్దరూ కలిసి డిస్నీ వరల్డ్‌లోనే పెళ్లి అని కూర్చున్నారు. నాలుగేళ్లప్పుడు తీసుకెళ్లాం లెండి, అక్కడి సిండరెల్లా కోట ముందు దిగిన ఫొటో ఇప్పటికీ దాని గదిలో ఉంది. మావారు మాత్రం "పెళ్లికి మిక్కీ మౌస్ పౌరోహిత్యం చేస్తాడా" అని ఒకటే రుసరుసలు. 150 మంది అనుకుంటున్నాం, మూడు రోజుల ఫంక్షన్లు, రెండు వైపులా కలిపి లక్ష డాలర్లు దాటకూడదు. అసలు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలీట్లేదు. — ఒక తల్లి, డాలస్

జవాబు: అమ్మా, ముందు హోటల్ వాళ్లకి ఫోన్ చెయ్యకండి, అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్కటే అడగండి, ఈ మూడు రోజుల్లో నీకు డిస్నీ ఏ గంటలో కావాలి అని. విచిత్రంగా అడుగుతున్నా అనుకోకండి. మూడు రోజులూ కావాలి అంటే ఖర్చు ఒక దారి, జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు వెనక కోట కనిపిస్తే చాలు అంటే ఇంకో దారి, ఒక్క రాత్రి బాణాసంచా కింద డాన్సులు వెయ్యాలి అంటే మూడో దారి. నాకు తెలిసిన ఇళ్లలో డబ్బు పోయింది డిస్నీ వల్ల కాదు, ఈ ప్రశ్న ఎవరూ అడక్కుండా అన్నిటికీ అవును అనేయడం వల్ల.

ఎందుకంటే అది ఒక కల్యాణమండపం కాదు కదా. 1971లో మొదలైన జాగా అది, ఇప్పుడు నాలుగు థీమ్ పార్కులు, రెండు వాటర్ పార్కులు, ఇరవైకి పైగా హోటళ్లు. పెళ్లిళ్లకి వాళ్లకి వేరే డిపార్ట్‌మెంటే ఉంది. బాల్‌రూమ్ కావాలంటే కాంటెంపరరీ, గ్రాండ్ ఫ్లోరిడియన్, కొరొనాడో స్ప్రింగ్స్, యాట్ క్లబ్ లాంటి హోటళ్లు చూపిస్తారు. ఒక్కో చోటుకి, ఒక్కో వారానికి, పొద్దున సాయంత్రాన్ని బట్టి కూడా 'మినిమమ్ స్పెండ్' అని ఒకటి ఉంటుంది. అంటే ఇంతకంటే తక్కువ ఖర్చు పెడితే ఆ హాలు ఇవ్వం అని. శనివారం సాయంత్రానికీ మంగళవారం పొద్దుటికీ చాలా తేడా ఉంటుంది, మీ వాళ్లు వీక్‌డేకి ఒప్పుకుంటే అక్కడే పెద్ద మొత్తం మిగులుద్ది.

ఇప్పుడు భోజనం లెక్క. అమెరికాలో హోటల్ వాళ్లు ప్లేట్ రేటు చెప్పి చివర్న 'ప్లస్ ప్లస్' అంటారు, మనం వినీ విననట్టు ఊరుకుంటాం. ఆ రెండు ప్లస్‌లలో ఒకటి సర్వీస్ ఛార్జ్, రెండోది సేల్స్ టాక్స్. ఉదాహరణకి ప్లేట్ 100 డాలర్లు అనుకోండి, సర్వీస్ ఛార్జ్ 20 శాతం అనుకోండి, 120 అయింది. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో టాక్స్ 6.5 శాతం, అది సర్వీస్ ఛార్జ్ మీద కూడా పడితే 127 డాలర్ల 80 సెంట్లు. 150 మందికి 15,000 అనుకున్న భోజనం 19,170 అయి కూర్చుంది. అలాంటివి మూడు పూటలు పెడితే 57,510. మీ లక్షలో సగం పైన అన్నానికే పోయింది, ఇంకా డెకరేషన్ లేదు, ఫొటోలు లేవు, పంతులు గారి ఫ్లైట్ టికెట్ లేదు. మీ కాంట్రాక్టులో శాతం ఎంత రాశారో అది వేసి ఇదే లెక్క మళ్లీ కట్టుకోండి, 20 కంటే ఎక్కువే ఉండొచ్చు. ఇంకోటి, ఈ ప్లస్ ప్లస్ డబ్బు మామూలుగా మినిమమ్ స్పెండ్‌లోకి రాదు. మినిమమ్ 30,000 అంటే మీ చేతి నుంచి వెళ్లేది 30,000 కాదన్నమాట.

రెండో గొయ్యి రూమ్ బ్లాక్. చుట్టాలందరికీ ఒకే హోటల్లో గదులు పట్టి ఉంచుతారు, దానికి రెండు రకాల కాగితాలుంటాయి. ఒకదాంట్లో ఎవరూ బుక్ చేసుకోకపోతే ఒక తేదీ తర్వాత గదులు వాళ్లే వెనక్కి తీసుకుంటారు, మీకు నష్టం లేదు. రెండోదాంట్లో 'అట్రిషన్' అనే క్లాజు ఉంటుంది, ఇది చూడండి. 40 గదులు మూడు రాత్రులు అంటే 120 రూమ్ నైట్లు, 80 శాతం గ్యారెంటీ రాసిచ్చారనుకోండి, 96 నిండాలి. మనవాళ్లు 70 తీసుకుని మిగతావాళ్లు దగ్గర్లో ఎయిర్‌బీఎన్‌బీలో దిగారనుకోండి (దిగుతారు, రాసిపెట్టుకోండి, పదిమంది కలిసి పెద్ద ఇల్లు తీసుకుంటే వంటిల్లు కూడా ఉంటుంది కదా అంటారు), మిగిలిన 26 రాత్రుల డబ్బు మీరే కట్టాలి. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, సగం మందికే బ్లాక్ పెట్టండి, నిండితే పెంచమని అడగండి.

పద్దు రాసేటప్పుడు మూడు కాలమ్‌లు గీయండి. మనం కట్టేది, వచ్చేవాళ్లు కట్టుకునేది, ఎవరు కడతారో తేలనిది. మూడోదాంట్లోనే వియ్యాలవారి గొడవలన్నీ పుడతాయి. పెళ్లికొడుకు మేనత్త గది ఎవరిది? మేకప్ అమ్మాయి ఫ్లైట్? పంతులు గారు రెండు రాత్రులుంటే? ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి? ఈ చివరిది ముఖ్యం, ఎందుకంటే డిస్నీ హోటళ్లకి ఎయిర్‌పోర్ట్ నుంచి ఫ్రీ బస్సు ఉండేది ఒకప్పుడు, 2022 జనవరి నుంచి తీసేశారు. పదేళ్ల కింద వెళ్లొచ్చినవాళ్లు ఇంకా ఉందనే చెప్తారు.

బస్సు అంటే గుర్తొచ్చింది. మా చెల్లి కూతురి పెళ్లి అక్కడే దగ్గర్లో ఒక హోటల్లో అయింది, చుట్టాలు దిగింది వేరే హోటల్లో, మధ్యలో తిప్పడానికి ఒక బస్సు మాట్లాడాం నాలుగు గంటలకి. పొద్దున్న 8కి ఎక్కించాడు, అంతా బానే ఉంది. మన పెళ్లి 12కి అయిపోతుందా? భోజనాలయ్యేసరికి ఒంటిగంటన్నర. డ్రైవరు 12 కొట్టగానే వెళ్లిపోయాడు, అతని తప్పూ లేదు, కాగితం మీద ఉన్నది నాలుగు గంటలే. నలభై మంది పట్టుచీరల్లో, ఓర్లాండో ఎండలో, పోర్చ్ కింద నిలబడి ఊబర్‌లు బుక్ చేసుకుంటున్నారు, మా పెద్దత్తయ్య చెప్పులు చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చుంది పాపం. ఆ రోజు ఊబర్‌ల ఖర్చు ఇంకో బస్సంత అయింది. కాబట్టి బస్సు రెండు గంటలు ఎక్కువకి మాట్లాడండి, ఓవర్‌టైమ్ గంటకి ఎంతో కూడా రాయించుకోండి.

మీకు నా సలహా అడిగితే, పెళ్లీ భోజనాలూ డిస్నీ గేటు బయట ఒక మామూలు హోటల్ బాల్‌రూమ్‌లో పెట్టుకోండి, బయటి నుంచి మన వంటవాళ్లని రానిచ్చే హోటల్ అయితే మరీ మంచిది. దాని ముందురోజో తర్వాతి రోజో ఒక్క సాయంత్రం మటుకు డిస్నీలో, చిన్నగా, దగ్గరివాళ్లు నలభై యాభై మందితో. అక్కడి ఎప్‌కాట్ పార్కులో బాణాసంచా చూస్తూ డెసర్ట్ పార్టీ పెట్టుకోవచ్చు. ఫొటోలో కోటా ఉంటుంది, లక్షా దాటదు. మీవారికి మాత్రం ఇది మీ ఐడియా అనే చెప్పండి.

ప్రశ్న: అక్కా, నాకు వెడ్డింగ్ పెవిలియనే కావాలి, కిటికీలోంచి సిండరెల్లా కోట కనిపిస్తుంది కదా అది. లేకపోతే డైరెక్ట్‌గా ఆ కోట ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు లోపల. మాఘమాసంలో ముహూర్తం చూస్తున్నారు. డ్రోన్ షాట్ తప్పకుండా ఉండాలి అని ఫొటోగ్రాఫర్‌కి చెప్పేశా. ఓకేనా? — ఒక పెళ్లికూతురు, న్యూజెర్సీ

జవాబు: డ్రోన్ మర్చిపో తల్లీ. డిస్నీ వరల్డ్ చుట్టూ మూడు నాటికల్ మైళ్ల దూరం దాకా 3,000 అడుగుల కింద ఏదీ ఎగరకూడదని 2003 నుంచి ఫెడరల్ రూల్ ఉంది, హోటల్ మేనేజర్ పర్మిషన్ ఇచ్చినా చెల్లదు. సరే సరే చూద్దాం అన్న ఫొటోగ్రాఫర్‌కి అక్కడి సంగతి తెలీదన్నమాట, అతన్ని ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగు.

పెవిలియన్ 1995లో కట్టారు, గ్రాండ్ ఫ్లోరిడియన్ పక్కన నీళ్లలోకి చొచ్చుకుపోయిన చోటు. బలిపీఠం లాంటి చోట వెనక పెద్ద కిటికీ, అందులో సరిగ్గా మధ్యలో కోట. చాలా బాగుంటుంది, నేను కాదనను. కానీ అది వాళ్ల పద్ధతి పెళ్లికి కట్టింది, అరగంటలో ప్రమాణాలు, ఉంగరాలు, ముద్దు, అయిపోయింది. స్లాట్లు ముందే టైమ్ లెక్కన పెట్టుకుంటారు. మనకి గౌరీపూజ నుంచి అరుంధతి దాకా మూడు గంటలు. అన్ని గంటలు ఇస్తారా, ముందు మండపం కట్టుకోడానికి ఎంతసేపు, తర్వాత తీయడానికి ఎంతసేపు, ఇవన్నీ అడిగి కాగితం మీద పెట్టించుకో. మ్యాజిక్ కింగ్‌డమ్ లోపల అయితే మామూలు జనాన్ని రానివ్వకముందే తెల్లారుజామున చేసుకోవాలి, అంటే మేకప్ రాత్రి రెండింటికి మొదలు. మనకి తెల్లవారుజాము ముహూర్తాలు అలవాటే కాబట్టి ఇది ఒక్కటి మాత్రం మనకే కలిసొచ్చే విషయం! ఖర్చు మాత్రం అన్నిటికంటే పైన ఉంటుంది.

డబ్బు తక్కువలో కోట కావాలంటే పాలినేషియన్ హోటల్ వైపు చూడు. మ్యాజిక్ కింగ్‌డమ్ ముందున్న చెరువుకి అవతల ఒడ్డు అది, అక్కడ పెళ్లిళ్లకి చిన్న చోటు ఏదైనా ఇస్తారేమో అడుగు, రాత్రి బాణాసంచా ఆ ఒడ్డు నుంచి హోటల్లో దిగినవాళ్లకి ఊరికే కనిపిస్తుంది.

ముహూర్తం సంగతి ఒకటి, పంచాంగం ఓర్లాండో టైమ్‌కి కట్టమని పంతులు గారికి చెప్పు. ఇండియాలో పెద్దవాళ్లు అక్కడి పంచాంగం చూసి పంపిన టైమ్ ఇక్కడ పనికిరాదు. మాఘం అంటే మామూలుగా జనవరి చివర, ఫిబ్రవరి. వాతావరణం చక్కగా ఉంటుంది, చెమట్లుండవు, కానీ ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు వారం మాత్రం తప్పించు, జనం కిక్కిరిసి గదుల రేట్లు పైకి పోతాయి.

ప్రశ్న: మా ఫ్రెండ్ పెళ్లి డిస్నీలో. మేము చికాగో నుంచి నలుగురం, పిల్లలకి 8, 11. కార్డులో హోటల్ లింక్ ఉంది కానీ పార్క్ టికెట్ల సంగతి లేదు. మేమే కొనాలా? అడగడానికి మొహమాటంగా ఉంది. అసలు లెక్కేస్తే ఇది మా సమ్మర్ ట్రిప్ అంత అవుతోంది. — ఒక అతిథి

జవాబు: హోటల్ బాల్‌రూమ్‌లో పెళ్లికి పార్క్ టికెట్ అక్కర్లేదు, పెవిలియన్‌కీ అక్కర్లేదు. పార్క్ లోపల పెళ్లివాళ్లు ఏదైనా పెడితే వాళ్లే బస్సులో తీసుకెళ్తారు, అది అయ్యాక లోపల తిరగాలంటే అప్పుడు మీ టికెట్ మీది. మీరు ఎలాగూ పిల్లల్ని తీసుకెళ్లి పార్క్ చూపించకుండా రాలేరు, కాబట్టి అది పెళ్లి ఖర్చు కాదు, మీ టూర్ ఖర్చు అనుకోండి. రేట్లు తేదీని బట్టి మారతాయి, ఒక్కరోజు టికెట్ ఏ తేదీకైనా 100 డాలర్ల పైనే. మూడేళ్ల లోపు పిల్లలకి ఫ్రీ, 3 నుంచి 9 దాకా పిల్లల టికెట్, మీ 11 ఏళ్ల పెద్దాడు వాళ్ల లెక్కలో పెద్దమనిషే.

ఉండటానికి కార్డులో ఇచ్చిన హోటలే తీసుకోవాలని లేదు. డిస్నీలోనే పాప్ సెంచరీ, ఆల్‌స్టార్ లాంటివి తక్కువ రకం, పాప్ సెంచరీ నుంచి స్కైలైనర్ అనే రోప్‌వే డబ్బా ఎక్కితే ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులకి వెళ్లొచ్చు. (ఉరుములు మెరుపులు వస్తే ఆపేస్తారు, పెళ్లి టైమ్‌కి దాన్ని నమ్ముకోవద్దు.) డిస్నీ సొంత హోటళ్లలో గది అద్దె మీద విడిగా వేసే రిసార్ట్ ఫీజు ఉండదు, పార్కింగ్ కూడా దిగినవాళ్లకి ఫ్రీ. బయట హోటల్ రేటు తక్కువ కనిపించినా ఆ రెండూ, పైన 12.5 శాతం టాక్సూ కలిపి పోల్చుకోండి, టాక్స్ అయితే ఆరెంజ్ కౌంటీలో ఎక్కడున్నా అంతే.

ఇంకా భారం అనిపిస్తే ఒక్కరే వెళ్లిరండి. నలుగురూ వెళ్లి క్రెడిట్ కార్డు బిల్లు చూసి ఆ ఫ్రెండ్ మీద మనసులో విసుక్కోవడం కంటే అది నయం. గిఫ్ట్ గురించి మొహమాటం వద్దు, అంత దూరం వచ్చినవాళ్ల నుంచి మళ్లీ కవరు ఆశించే పెళ్లివారైతే వాళ్లకి నేనే వేరే కాలమ్ రాస్తా.

ప్రశ్న: హోటల్ బాల్‌రూమ్‌లో హోమం చేసుకోనిస్తారా? మా కోఆర్డినేటర్‌కి హోమం అంటే ఏంటో అర్థమవట్లేదు, కొవ్వొత్తి పెట్టుకోండి అంటోంది. — ఒక పెళ్లికొడుకు

జవాబు: పాపం ఆ అమ్మాయికి మాటలతో చెప్తే ఏం తెలుస్తుంది, వీడియో పంపండి. హోమగుండం కొలత, కింద పెట్టే రేకు, ఎన్ని నిమిషాలు మండుతుంది, ఏమేం వేస్తారు, ఇవన్నీ ఒక పేజీలో రాసి ఫొటోతో ఇస్తే ఫైర్ వాళ్లకి పంపుతారు. డిస్నీ ఉన్న ప్రాంతానికి ఒక ప్రత్యేక జిల్లా ఉంది, 1967లో రీడీ క్రీక్ పేరుతో పెట్టారు, 2023 నుంచి సెంట్రల్ ఫ్లోరిడా టూరిజం ఓవర్‌సైట్ డిస్ట్రిక్ట్ అంటున్నారు, అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆ జిల్లాదే. లోపల మంట అంటే పొగ అలారాలు ఆ కాసేపు ఆపాలి, ఆపినంతసేపు ఒక ఫైర్ మనిషిని నిలబెడతారు, అతని గంటల డబ్బు మీదే. ఇదీ పద్దులో రాసుకోండి. లోపల కుదరకపోతే పెళ్లంతా లోపల చేసి, హోమానికీ ఏడడుగులకీ మాత్రం బయట లాన్‌లోకి రావడం ఒక దారి.

మంట కంటే నాకు భయం పసుపు. ఒక పెళ్లిలో తలంబ్రాలు అయ్యాక కార్పెట్ చూశాను, లేత క్రీమ్ రంగు దాని మీద అడుగులు అడుగులుగా పసుపు, ఎవరు ఎటు నడిచారో కూడా తెలుస్తోంది, గుమ్మం దాకా వెళ్లి అక్కడ ఒక పెద్ద మరక, ఎవరో ఆగి ఫోన్ మాట్లాడినట్టున్నారు. క్లీనింగ్ బిల్లు డిపాజిట్‌లో కోసుకున్నారు. మండపం చుట్టూ పదడుగులు మందపాటి ప్లాస్టిక్, దాని మీద తెల్లగుడ్డ పరిచేయండి, అక్షింతల్లో పసుపు చెయ్యి తగ్గించండి. పంతులు గారు ఏమీ అనరు.

ప్రశ్న: మేమిద్దరం టెక్సాస్‌లో ఉంటాం, పెళ్లి ఓర్లాండోలో. రిజిస్ట్రేషన్ అక్కడ చేయించుకోవాలా ఇక్కడా? మూడు రోజులు ఆగాలని ఎవరో అన్నారు, అన్ని రోజులు సెలవు లేదు. — హ్యూస్టన్ జంట

జవాబు: ఆ మూడు రోజుల ఆగడం ఫ్లోరిడాలో ఉండేవాళ్లకి, వాళ్లకి కూడా నాలుగు గంటల ప్రీమ్యారిటల్ కోర్సు చేస్తే అక్కర్లేదు. బయటి రాష్ట్రం వాళ్లకి వెయిటింగ్ లేదు. పెళ్లి లైసెన్స్ కోసం ఫ్లోరిడాలో ఏ కౌంటీ క్లర్క్ ఆఫీసుకైనా ఇద్దరూ కలిసి వెళ్లాలి, పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో చూపించాలి, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంటే ఇవ్వాలి, రక్తపరీక్షలేమీ లేవు. ఫీజు 100 డాలర్ల లోపే. ఆ పెళ్లి లైసెన్స్ 60 రోజులు పనిచేస్తుంది. పెళ్లి చేసినవాళ్లు సంతకం పెట్టి 10 రోజుల్లో వెనక్కి పంపాలి, ఇది మీ పంతులు గారికి ముందే చెప్పండి, చాలామంది సంచిలో పెట్టుకుని మర్చిపోతారు. పంతులు గారు లేకపోయినా ఫ్లోరిడాలో నోటరీ కూడా పెళ్లి చెయ్యొచ్చు, సరదా రూల్ అది.

ఓర్లాండోలో దిగేది శుక్రవారం సాయంత్రం, పెళ్లి శనివారం అయితే మాత్రం క్లర్క్ ఆఫీసు దొరకదు. అలాంటప్పుడు ముందే టెక్సాస్‌లో రిజిస్టర్ చేసుకుని ఓర్లాండోలో శాస్త్రోక్తంగా మాత్రమే చేసుకోండి, ఫ్లోరిడా లైసెన్స్ అవసరమే ఉండదు. అప్పుడు మీ సర్టిఫికెట్ మీద తేదీ వేరే ఉంటుంది, ఏటా పెళ్లిరోజు ఏదని మీలో మీరు తేల్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లి డిస్నీలో ఆగస్టులో, శ్రావణమాసం బాగుందని. మేము ఇండియా నుంచి తొమ్మిది మందిమి రావాలి, ఎవరికీ వీసా లేదు. హోటల్ తక్కువకి వస్తోంది వెంటనే డబ్బు కట్టెయ్యమంటున్నాడు అబ్బాయి. కట్టనా? — ఒక తండ్రి

జవాబు: అన్నగారూ, తొందరపడకండి. రెండు విషయాలున్నాయి.

వీసా చేతికొచ్చేదాకా వెనక్కిరాని టికెట్లు, గదులు కొనొద్దని అమెరికా వాళ్లే చెప్తారు. విజిటర్ వీసా అప్లికేషన్ ఫీజు మనిషికి 185 డాలర్లు, పిల్లలకి కూడా విడిగా అప్లికేషన్, రాకపోతే ఆ ఫీజు వెనక్కిరాదు. తొమ్మిది మందికి 1,665 డాలర్లు అక్కడే. పెళ్లికార్డు చూపిస్తే వీసా ఇస్తారనేం లేదు, మీరు తిరిగి ఇండియా వెళ్తారా అన్నదే వాళ్లు చూసేది, కానీ తీసుకెళ్లండి. అందరికీ ఒకేసారి రాకపోవచ్చు కూడా. అందుకని అబ్బాయితో హెడ్ కౌంట్ గ్యారెంటీ (ఎంతమంది వస్తారో హోటల్‌కి ఖాయం చేసి చెప్పేది) ఇచ్చే తేదీ ఎప్పుడో కనుక్కోమనండి, ఆ తేదీకి ఎవరికి వీసా ఉందో వాళ్లనే లెక్కలో వెయ్యండి, మనవాళ్లు 'వస్తాం లే' అన్నది ప్లేట్ కింద వెయ్యొద్దు. రాలేనివాళ్లకి లైవ్ పెట్టించండి, ఆగస్టులో ఓర్లాండో పొద్దున 10 అంటే మనకి సాయంత్రం ఏడున్నర, అందరూ ఇంట్లో కూర్చుని చూసే టైమే.

రెండోది, తక్కువకి ఎందుకు వస్తోందో చూడండి. ఆగస్టులో ఫ్లోరిడాలో రోజూ మధ్యాహ్నం ఉరుముల వాన, పైగా జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాను సీజన్. 2022 సెప్టెంబర్‌లో ఇయన్ తుఫానుకి, 2024 అక్టోబర్‌లో మిల్టన్‌కి డిస్నీ పార్కులే మూసేశారు. హరికేన్ వార్నింగ్ వస్తే డిస్నీ వాళ్ల దగ్గర నేరుగా బుక్ చేసిన గదులు రద్దు చేసుకోనిస్తారు, వచ్చే ముందు ఏడు రోజుల్లోపు వార్నింగ్ పడాలి. కానీ అది గదులకి. పెళ్లి కాంట్రాక్టు వేరే కాగితం, బయట మాట్లాడుకున్న డెకరేషన్, బస్సు, ఫొటోగ్రాఫర్ ఎవరి రూల్ వాళ్లది. ఈవెంట్ ఇన్సూరెన్స్ తీసుకోండి, క్యాన్సిలేషన్ కవర్ ఉన్నది. తుఫానుకి పేరు పెట్టాక కొంటే ఆ తుఫానుకి పనికిరాదు, కాబట్టి మొదటి అడ్వాన్స్ కట్టిన వారమే కొనెయ్యండి. పెళ్లి లోపల, పొద్దున పూట పెట్టుకుంటే మధ్యాహ్నపు వాన గొడవ తప్పుతుంది.

మాఘానికి వాయిదా వెయ్యడం కుదురుతుందేమో అడిగి చూడండి ఒకసారి. వీసాలకీ టైమ్ దొరుకుతుంది.

ప్రశ్న: రిసెప్షన్‌కి మిక్కీ మినీలని పిలిపించొచ్చంటగా? ఖర్చు దండగా? — పేరు వద్దు, ఓర్లాండో

జవాబు: పిలిపించొచ్చు. అరగంట లెక్కన తీసుకుంటారు, ఒక్కోరికి అదనం. దండగ అని ఎలా అంటాను, రిసెప్షన్‌లో వందమంది పిల్లలు పెద్దలూ లేచి నిలబడేది ఆ అరగంటే. ఒక్క జాగ్రత్త, ఎవరెవరు ఏ వరసలో ఫొటో దిగాలో ముందే లిస్టు రాసి ఒక గట్టి గొంతున్న బాబాయికి ఇవ్వండి, లేకపోతే అరగంటా పెళ్లికొడుకు స్నేహితులే కొట్టేస్తారు, అమ్మమ్మ కుర్చీలోనే ఉండిపోతుంది. మిక్కీ మామూలుగా ఒక్క మాటా మాట్లాడడు, చేతులూపి కౌగిలించుకుని వెళ్లిపోతాడు, కాబట్టి పైన డాలస్ అమ్మగారి ఆయనకి పౌరోహిత్యం గురించి భయం అక్కర్లేదు.